గేరు దించే విద్య



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో కథలు, కవితలు, సామెతలు, జనరల్ నాలెడ్జి ప్రశ్నలు ఎలాగూ ఉంటాయి. ఈసారి మేము ఒక పనితనం గురించి రాయదలిచాము. ఈ హాస్టల్లో చదివి బయటికి వెళ్లిన మాలో టీచర్లు, గుమాస్తాలు ఉన్నట్లే స్టీరింగు పట్టుకుని బతుకుతున్నవాళ్లమూ ఉన్నాము. టేకుమట్ల నుంచి చిట్యాల, పరకాల వైపు ఆటోలు నడిపేవారు, భూపాలపల్లి బొగ్గు లారీల మీద పోయేవారు, వడ్ల ట్రాక్టరు తోలేవారు మనవాళ్లలోనే కనిపిస్తారు. రేపు మీలో కొందరైనా ఈ దారికి వస్తారు. రాకపోయినా ఏదో ఒకనాడు బైకో, కారో నడపక తప్పదు.

బండి నేర్పేవారు సాధారణంగా ముందు నేర్పేది బండిని కదిలించడం, గేరు పెంచడం. గేరు దించడం మాత్రం “అదే వస్తుంది లే” అని వదిలేస్తారు. కానీ ప్రాణాల మీదికి వచ్చేది ఎక్కువగా దించే దగ్గరే. కావున ఆ ఒక్క సంగతిని మాకు తెలిసినంతలో వివరంగా చెబుతాము.

గేరు ఎందుకు?

ఇంజను ఒక పరిమితిలోనే బాగా పనిచేస్తుంది. మామూలు కారు ఇంజను మరీ తక్కువ తిరిగితే వణికి ఆగిపోతుంది. మరీ ఎక్కువ తిరిగితే పాడవుతుంది. చక్రం సంగతి అలా కాదు. సంతలో మనిషి నడకంత నెమ్మదిగానూ తిరగాలి, జాతీయ రహదారి మీద 80 కిలోమీటర్ల వేగంతోనూ తిరగాలి. ఈ రెండింటికీ పొత్తు కుదిర్చేదే గేరు బాక్సు. గేరున్న సైకిలు తొక్కినవారికి ఇది తెలుసు. ఎత్తు ఎక్కేటప్పుడు కాలు ఎక్కువసార్లు తిరుగుతుంది, సైకిలు కొంచెమే కదులుతుంది, కానీ బరువు తెలియదు. కింది గేరు అంటే అదే. ఇంజను, గేరు బాక్సుల మధ్య ఉండి రెండింటినీ కలిపేది, విడదీసేది క్లచ్.

ఒక చిన్న లెక్క

గేరు దించినప్పుడు బండి ఎందుకు ఎగిరి పడుతుందో లెక్క వేసి చూద్దాము. ఒక కారు నాలుగో గేరులో 40 కిలోమీటర్ల వేగంతో పోతోంది. అప్పుడు ఇంజను నిమిషానికి 1600 చుట్లు తిరుగుతోంది అనుకుందాము. మూడో గేరులో అదే వేగానికి ఇంజను ఒకటిన్నర రెట్లు తిరగాలి అనుకుంటే, 1600 ను 1.5 తో గుణిస్తే 2400 చుట్లు.

ఇప్పుడు డ్రైవరు ఎక్సలేటరు వదిలి, క్లచ్ తొక్కి, మూడో గేరు వేశాడు. ఈలోపు ఇంజను వేగం 800 దాకా పడిపోయింది. క్లచ్ వదలగానే 800 తిరుగుతున్న ఇంజను ఒక్కసారిగా 2400 తిరగాలి. ఆ శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? చక్రాల నుంచి, అంటే బండి వేగం నుంచి గుంజుకుంటుంది. అందుకే బండి ఎవరో వెనక్కి లాగినట్టు కుదుపుతుంది. వెనుక సీట్లో ముసలమ్మ ముందుకు వచ్చి పడుతుంది. క్లచ్ ప్లేటు రాసుకుని కాలిన వాసన వస్తుంది. తడి రోడ్డు మీద అయితే చక్రం జారే ప్రమాదం కూడా ఉంది.

మరి దీనికి మందు? ఇంజనును 2400 కు తెచ్చే పని చక్రాలకు వదలకుండా మనమే చేయాలి. ఎక్సలేటరును ఒక్క క్షణం తట్టాలి. మనవైపు దీనినే “రేస్ ఇవ్వడం” అంటారు. బండి నెమ్మది కావాలంటే ఇంజను వేగం పెంచాలి అంటే వినడానికి తలకిందులుగా ఉంటుంది. కానీ గేరు దించే విద్యలోని రహస్యమంతా ఇదే.

చేయవలసిన పద్ధతి

1. ముందుగా బ్రేకుతో బండిని కింది గేరుకు తగిన వేగానికి తేవాలి. 80 మీద ఉన్న కారును రెండో గేరులో వేస్తే ఎంత రేస్ ఇచ్చినా ఇంజను దెబ్బతినవచ్చు.

2. క్లచ్ పూర్తిగా తొక్కి, గేరు రాడ్డును న్యూట్రల్ మీదుగా తేవాలి.

3. రాడ్డు న్యూట్రల్ దాటుతుండగా ఎక్సలేటరును చిన్నగా ఒక్కసారి తట్టాలి. పట్టుకుని ఉంచవద్దు.

4. ఇంజను శబ్దం లేచినప్పుడే కింది గేరు వేసి, క్లచ్ మెత్తగా వదలాలి.

5. తర్వాత ఎక్సలేటరు మీద కాలు తీసేస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది.

సరిగా చేశామా లేదా అని మీటరు చూడనక్కరలేదు. క్లచ్ వదిలినప్పుడు బండి ముందుకు ఎగిరితే రేస్ ఎక్కువైందని, వెనక్కి గుంజితే తక్కువైందని అర్థం. ఏమీ తెలియకపోతే సరిగ్గా సరిపోయినట్టు. చెవి, అరికాలు రెండూ కొన్నాళ్లకు వాటంతటవే నేర్చుకుంటాయి. బ్రేకు తొక్కుతూనే అదే కాలి అంచుతో ఎక్సలేటరు తట్టే పద్ధతి కూడా ఉంది. అది పోటీల్లో నడిపేవారి విద్య. మొదట నేర్చుకునేవారు దాని జోలికి పోవద్దు. బ్రేకు పని ముగించి, తర్వాత గేరు దించడమే క్షేమం.

పాత లారీల డబుల్ క్లచ్

ఇప్పటి కార్ల గేరు బాక్సులో గేరు పళ్లు కలవడానికి ముందే వాటి వేగాలను సమానం చేసే చిన్న ఇత్తడి రింగులు ఉంటాయి. ఈ ఏర్పాటును సింక్రోమెష్ అంటారు. అమెరికాలో 1928లో కాడిలాక్ కార్లలో ఇది మొదట వచ్చింది. అంతకు ముందు బండ్లలోనూ, ఆ తర్వాత చాలా కాలం లారీల్లోనూ ఇది లేదు. అందుకే పాత డ్రైవర్లు క్లచ్ రెండుసార్లు తొక్కేవారు. ఒకసారి తొక్కి న్యూట్రల్‌కు తేవడం, క్లచ్ వదిలి రేస్ ఇవ్వడం, మళ్లీ తొక్కి కింది గేరు వేయడం. ఇది తెలియనివాడు గేరు వేస్తే పళ్లు కరకరలాడేవి. వెనుక కూర్చున్న క్లీనరుకు కూడా ఆ శబ్దంతోనే డ్రైవరు పనితనం తెలిసిపోయేది.

ఒక్క సంగతి గమనించగలరు. సింక్రోమెష్ గేరు బాక్సు లోపలి పళ్లను మాత్రమే కలుపుతుంది. ఇంజనుకు, చక్రాలకు మధ్య తేడాను తీర్చదు. ఆ పని నేటికీ డ్రైవరు కాలిదే.

దిగుడులో ప్రాణం నిలిపేది గేరే

మన టేకుమట్ల చుట్టూ ఉన్నవి ఎక్కువగా చదును రోడ్లు. కానీ మనవాళ్లు నడిపే బండ్లు ఇక్కడే ఆగవు. కొండగట్టుకు పోతాయి, శ్రీశైలం పోతాయి, తిరుపతి పోతాయి. అక్కడ తేలుతుంది అసలు సంగతి.

తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకంలోని స్థితిశక్తిని గుర్తు చేసుకోండి. 10 టన్నుల బస్సు 100 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 98 లక్షల జౌళ్లు. అంత వేడితో 30 లీటర్లకు పైగా నీళ్లను మామూలు వేడి నుంచి మరిగే దాకా కాచవచ్చు. అంటే మన హాస్టల్ వంటగదిలో పెద్ద గిన్నెడు నీళ్లు! బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే ఈ వేడిలో చాలా భాగం నాలుగు చక్రాల బ్రేకుల్లోకే పోతుంది. బ్రేకులు మితిమీరి వేడెక్కితే వాటి పట్టు తగ్గుతుంది. డ్రమ్ము వేడికి పెరిగి లైనరుకు దూరమవుతుంది. కార్లలో బ్రేకు ఆయిల్ మరిగితే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. డ్రైవరు ఎంత బలంగా తొక్కినా బండి ఆగదు.

కింది గేరులో దిగితే ఆ భారంలో పెద్ద వాటా ఇంజను మోస్తుంది. ఇంజను వేడిని బయటికి పంపడానికి రేడియేటరు ఉంది, సైలెన్సరు ఉంది. బ్రేకు డ్రమ్ముకు అవి లేవు. పెద్ద లారీలకు, బస్సులకు ఎగ్జాస్టు బ్రేకు పెట్టేది కూడా ఇంజను ఈ పనిని ఇంకా గట్టిగా చేయడానికే.

పాత డ్రైవర్ల మాట ఒకటుంది: ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. ఇది మంచి కొలత. బరువు ఎక్కువుంటే ఇంకో గేరు కిందికి పోయినా తప్పులేదు. అయితే గేరును దిగుడు మొదలయ్యే ముందే వేయాలి. సగం దిగి వేగం పెరిగాక గేరు దించబోతే బండి న్యూట్రల్‌లో చిక్కుకుని, కింది గేరు పడక, పై గేరు దొరకక డ్రైవరు ఆగమైపోతాడు.

తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. ఎక్కడానికి రెండోది, దిగడానికి మొదటిది. దిగే బండికి పైన టైము వేసిన చీటీ ఇచ్చి, చెప్పిన సమయం కన్నా ముందే కింద చేరితే జరిమానా వేసే పద్ధతిని అక్కడ పెట్టారు. తొందరగా చేరినవాడికి శిక్ష! దిగుడు రోడ్డు న్యాయం అది.

2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. బస్సులో పరిమితికి మించి జనం ఉన్నారు. చనిపోయినవారిలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల పేదలు, మన ఇళ్లలోని అమ్మల వంటివారు. ఒక ప్రమాదానికి కారణాలు ఎన్నో కలుస్తాయి. కానీ బండిలో ఎంతమంది ఎక్కువైతే దిగుడులో అదుపు చేయవలసిన శక్తి అంత పెరుగుతుందన్నది లెక్క. ఆ లెక్క తెలిసిన డ్రైవరు జనాన్ని చూసే గేరు ఎంచుకుంటాడు.

న్యూట్రల్ కొడితే డీజిల్ మిగలదు

దిగుడు రాగానే న్యూట్రల్ వేసి వదిలేయడం, కొందరైతే ఇంజనే ఆపేయడం మేము చూస్తుంటాము. డీజిల్ మిగులుతుందని వారి నమ్మకం. ఇప్పటి బండ్లలో ఇది తప్పు. గేరులో ఉండి ఎక్సలేటరు వదిలితే ఇంజనుకు ఇంధనం పోవడం దాదాపు ఆగిపోతుంది, చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రల్‌లో ఉంటేనే ఇంజను ఆగకుండా ఉండటానికి ఇంధనం తాగుతుంది. ఇక ఇంజను ఆపితే మరీ ప్రమాదం. కార్లలో బ్రేకుకు తోడ్పడే బూస్టరు బలం రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది. పెద్ద బండ్లలో ట్యాంకుకు గాలి నింపే కంప్రెషరు ఆగిపోతుంది. పవర్ స్టీరింగు బిగుసుకుంటుంది. తాళం చెవి తీస్తే స్టీరింగు లాక్ కూడా పడవచ్చు. పది రూపాయల డీజిల్ కోసం ఇంత పందెం ఎవరు కాస్తారు?

ట్రాక్టరు, బైకు

మన ఊళ్లలో వాగులోకి దిగే ట్రాక్టర్లకు ఈ మాట రెండింతలు వర్తిస్తుంది. చాలా ట్రాలీలకు బ్రేకులుండవు. బరువంతా ట్రాక్టరును వెనుక నుంచి తోస్తుంది. పైగా చాలా ట్రాక్టర్లలో నడుస్తుండగా గేరు సులువుగా పడదు. కావున ఒడ్డు మీదే ఆపి, తక్కువ గేరు వేసుకుని, క్లచ్ ముట్టకుండా దిగాలి. రోడ్డు మీద పోయేటప్పుడు కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను కలిపి లాక్ వేయడం మరవవద్దు. లేకుంటే ఒక పక్క బ్రేకే పడి ట్రాక్టరు తిరగబడుతుంది.

బైకుకూ ఇదే సూత్రం. మలుపు ముందు రెండు గేర్లు ఒకేసారి దించి క్లచ్ టక్కున వదిలితే వెనుక చక్రం బిగుసుకుని జారుతుంది. ఒక్కొక్క గేరు దించుతూ, మధ్యలో చిన్నగా రేస్ ఇస్తూ, మలుపులోకి పోకముందే పని ముగించాలి.

పరీక్షలోనూ ఉంది

ఇది మేము మా సొంతంగా చెప్పే పాఠం కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 15వ నియమం డ్రైవింగు పరీక్ష గురించి చెబుతుంది. రద్దీని బట్టి పై గేరు నుంచి కింది గేరుకు త్వరగా మారగలగడం, దిగుడులో కింది గేర్లకు త్వరగా మారగలగడం అభ్యర్థికి రావాలని అందులో స్పష్టంగా ఉంది.

తమ్ముళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. కారుకు, గేరున్న బైకుకు లైసెన్సు వయసు 18 ఏళ్లు. కిరాయి బండి, లారీ, బస్సు వంటి రవాణా వాహనాలకు 20 ఏళ్లు. 2019లో చట్టం సవరించాక, మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికి లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడతాయి. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చే దాకా లైసెన్సు రాదు. డ్రైవరు ఉద్యోగం మీద ఆశ ఉన్నవాడికి అంతకంటే పెద్ద నష్టం లేదు. అప్పటిదాకా బస్సులో ముందు సీట్లో కూర్చున్నప్పుడు డ్రైవరు ఎక్కడ గేరు దించుతున్నాడో, ఇంజను శబ్దం ఎలా మారుతోందో వినండి. చెవికి లైసెన్సు అక్కరలేదు.

క్లచ్ పెడలే లేని కార్లు, గేర్లు మార్చే పనిలేని కరెంటు బస్సులు ఇప్పుడు వచ్చాయి. రేపు ఇంకా వస్తాయి. అయినా మనవాళ్ల చేతికి ముందుగా వచ్చేది పాత లారీ, సెకండ్ హ్యాండ్ కారు, ఊరి ట్రాక్టరే. వాటికి పనితనం కావాలి. మెత్తగా గేరు దించే డ్రైవరుకు ఓనరు క్లచ్ ప్లేటు ఖర్చు మిగులుతుంది, ప్రయాణికులకు నడుము నొప్పి తప్పుతుంది, ఇంటి దగ్గర ఎదురుచూసేవారికి మనిషి మిగులుతాడు.

తమ్ముళ్లారా, చదువు మానవద్దు. చదువుతో పాటు చేతికి, కాలికి కూడా ఒక విద్య నేర్పండి. ఏ బండి ఎక్కినా క్షేమంగా ఇల్లు చేరండి. వచ్చే వార్షికోత్సవానికి మళ్లీ కలుద్దాము.

– మీ పూర్వ విద్యార్థి అన్నలు