సేవ్ ప్రాజెక్ట్, ఎక్స్‌పోర్ట్ ఆడియో: తేడా

ఆడాసిటీ 3వ వెర్షన్‌లో మీరు ఒక పాట రికార్డు చేశారనుకోండి: గాత్రం ఒక ట్రాక్, శ్రుతి మరొకటి, మృదంగం ఇంకొకటి. ఫైల్ మెనూలోని 'సేవ్ ప్రాజెక్ట్' ఈ మూడింటినీ విడివిడిగానే భద్రపరుస్తుంది. అయితే అలా తయారైన ఏయూపీ3 ఫైల్ మామూలు ఆడియో ప్లేయర్లలో మోగదు. ఇతరులు వినాలంటే 'ఎక్స్‌పోర్ట్ ఆడియో' ద్వారా వేవ్ గానీ ఎంపీ3 గానీ తయారు చేసుకోవాలి.

విద్యార్థులు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. సాధారణంగా ఎక్స్‌పోర్ట్‌లో ట్రాక్‌లన్నీ కలిసిపోతాయి. ఎంపీ3 చేతికి వచ్చింది కదా అని ప్రాజెక్ట్ ఫైల్‌ను తొలగించారా, రేపు మృదంగం ఒక్కదాని స్థాయి కాస్త తగ్గించాలన్నా తిరిగి రికార్డు చేయవలసిందే. పైగా ఎంపీ3 పరిమాణం తగ్గడం కోసం ధ్వనిలో కొంత సమాచారాన్ని వదిలేస్తుంది. దానిని మళ్లీ వేవ్‌గా మార్చినా పోయినది రాదు.

మ్యూట్ చేసిన ట్రాక్ ఎక్స్‌పోర్ట్‌లోకి రాదని కూడా గమనించండి. గాత్రం సరిచూసుకోవడానికి శ్రుతిని ఆపి మరచిపోతే, శ్రుతి లేని పాటే బయటికి వస్తుంది!

ఇక 'అన్‌డూ' ప్రాజెక్ట్‌ను మూసేవరకే. సేవ్ చేసినా ఆ చరిత్ర మిగలదు. కనుక కత్తిరింపులు మొదలుపెట్టే ముందే 'బ్యాకప్ ప్రాజెక్ట్'తో ఒక ప్రతి తీసి పెట్టుకోండి.