చెడుగుడు పోటీలు – మారిన నియమములు

సంక్రాంతి సమీపించగనే మన గ్రామములలో చెడుగుడు పోటీల సన్నాహము ఆరంభమగును. బరి గీయించుట, బహుమతులకు చందాలు పోగుచేయుట, పొరుగూళ్ళకు కబురు పంపుట మొదలగు పనులన్నియు యువజనులు ఉత్సాహముతో చేయుచునే యున్నారు. నియమముల సంగతి మాత్రము ఆటనాటికి గాని ఎవరికిని జ్ఞప్తికి రాదు. పందెము హోరాహోరీగా సాగు వేళ ఒక పక్షమువారు పాత పద్ధతి యనియు, రెండవ పక్షమువారు క్రొత్త పద్ధతి యనియు పట్టుపట్టుదురు. ఆట ఆగును, మాట పెరుగును. కాలువ నీటికిని, పశువుల మేతకును సంబంధించిన పాత తగవులు సైతము అక్కడనే బయటపడుట సభ్యులెరుగని విషయము కాదు.

ఇంతకును మారినదేమి? పెద్దలు ఆడిన ఆటలో గడియారముతో పనిలేదు. కూతకు పోయినవాని ఊపిరియే గడియారము. గుక్క తెగనంతవరకు వాడు ఎదుటి బరిలో తిరుగవచ్చును. గుక్క విడువక కూయుట నేటికిని తప్పనిసరియే. కాని దానిపై 30 సెకండ్ల గడువు కూడ ఏర్పడినది. ఆ గడువులో మధ్యగీతకు మరలి రానివాడు ఔటు. కనుక చేత గడియారము పట్టి కాలము చూచుటకే ఒక మనిషి ఉండవలెను. మరియొక చిన్న భేదము: మన పల్లెలలో “చెడుగుడు” అని కూయుట వాడుక; నియమావళి ప్రకారము “కబడ్డీ” అనియే స్పష్టముగా పలుకవలెను.

తగవులకు ఎక్కువ తావిచ్చునది మూడవ కూత. ఒక జట్టు వరుసగా రెండుమార్లు కూతకు పోయి, రెండును వట్టిపోయినచో, మూడవమారు పోవువాడు పాయింటు తెచ్చి తీరవలెను. రిక్తహస్తములతో మరలినచో వాడు ఔటగును, ఎదుటివారికి ఒక పాయింటు చేరును. పైచేయిగా నున్న జట్టు నాలుగడుగులు వేసి వచ్చి కాలము గడుపు అలవాటునకు ఇది మంచి విరుగుడు. అయితే వట్టిపోయిన కూతల లెక్క ఒకటి తప్పినను రసాభాస యగును. పాయింట్లు వ్రాయువారు రెండు జట్లకును ఈ లెక్కను వేరుగా ఉంచవలెను.

ఎదుట ఆరుగురికి తక్కువ కాకుండ ఉన్నపుడు, బోనస్ గీతకు ఆవల ఒక కాలు మోపి, రెండవ కాలు గాలిలో నుంచినవానికి ఒక పాయింటు లభించును. దీనివలన ఔటైనవారెవరును తిరిగి బ్రతుకరు. ముగ్గురో అంతకు తక్కువమందో మిగిలియుండి కూతగానిని పట్టినచో రెండు పాయింట్లిచ్చు పద్ధతి, 2014లో ఆరంభమైన ప్రో కబడ్డీ లీగు ప్రసారముల మూలమున మన యువకులకు సుపరిచితము.

పెద్దలను తప్పుపట్టనక్కరలేదు. పూర్వము ఈ ఆట మూడు విధములుగా సాగుచుండెను. సంజీవనిలో ఎదుటివాడొకడు ఔటైన మనవాడొకడు బ్రతుకును. గామినీలో జట్టంతయు ఔటగువరకు బయటనే కూర్చుండవలెను. అమర్‌లో ఔటైనవాడును బరిలోనే నిలుచును, పాయింటు మాత్రము పోవును. నేటి జాతీయ పోటీలును, 1990లో బీజింగు మొదలుకొని ఆసియా క్రీడలలో జరుగుచున్న పోటీలును సంజీవని పద్ధతివే.

ఏ పద్ధతి శ్రేష్ఠమో పంచాయతీ తీర్పు చెప్పనక్కరలేదు. ఈ యేటి పోటీలకు ఏది అమలగునో పండుగకు పదిదినముల ముందే కాగితముపై వ్రాయించి, అన్ని జట్ల నాయకులకు చదివి వినిపించి, వారి సంతకములు గైకొని, పంచాయతీ కార్యాలయము గోడకు అంటించిన చాలును. పోటీలు ముగియువరకు అందులో అక్షరము మార్చరాదు. తీర్పరిగా ఆడు గ్రామములు రెండింటికిని చెందని వ్యాయామోపాధ్యాయుని పిలుచుట మేలు.

బరి పురుషులకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. స్త్రీలకు 12 మీటర్లు, 8 మీటర్లు. బాలికల జట్లు వచ్చుచున్న గ్రామములలో రెండవ కొలత ముందుగనే గీయించవలెను. పురుషుల బరిలోనే సరిపెట్టుకొమ్మనుట న్యాయము కాదు. గోళ్ళు కత్తిరించుకొనని వారిని, ఆభరణములు ధరించినవారిని, ఒంటికి నూనె పూసుకొన్నవారిని ఆడనీయరాదు. పండుగనాడు తలంటుకొని నేరుగా బరిలో దిగువారికి ఈ మాట మరీ ముఖ్యము! ముందునాడే నేల దున్నించి, రాళ్ళు ఏరించి, మెత్తని మన్ను పోయించి, నీరు చల్లించి ఉంచవలెను.