విత్తనం వేళకే కాలేజీ ఫీజు

అనంతపురం: జూన్ వచ్చిందంటే మన జిల్లా పల్లెల్లో రెండు పనులు ఒక్కసారే నెత్తిన పడతాయి. ఒకటి వేరుశనగ విత్తనం. రెండోది పిల్లవాడి కాలేజీ. వాన పడితే విత్తనానికి డబ్బు కావాలి. సీటు వస్తే ఫీజుకు డబ్బు కావాలి. ఇంట్లో ఉన్నది ఒకటే మూట. శనక్కాయ ఇంటికి చేరి, అమ్ముడుపోయి, డబ్బు కళ్లజూసేసరికి కార్తీకం దాటుతుంది. ఈ అయిదారు నెలల సందులోనే చాలామంది పల్లె పిల్లల చదువు నిలవడమో, ఆగిపోవడమో తేలిపోతుంది.

1980లలో తెలుగు మీడియంలో పదో తరగతి ముగించి, రేకు పెట్టె పట్టుకుని అనంతపురం బస్సెక్కినవాణ్ణి నేను. ఆ కుర్రవాడు ఇప్పుడు బస్టాండులో ఎదురుపడితే పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు మాటలు చెబుతాను. ఈ యేడు కాలేజీలో చేరే పిల్లలకూ అవే పనికొస్తాయి. 2022లో జిల్లా రెండుగా అయింది గానీ, హిందూపురం, కదిరి వైపు పిల్లల కష్టమూ ఇదే.

అప్పు తెచ్చే ముందు

నాయనా, ముందు డబ్బు లెక్క చూడు. మీ నాన్న నూటికి రెండు రూపాయల వడ్డీకి ముప్పై వేలు తెచ్చాడనుకో. నెలకు ఆరు వందలు. పంట డబ్బు వచ్చే ఆరు నెలలకు 3,600 రూపాయలు వడ్డీకే పోతాయి. అప్పుకు వెళ్లకముందే కాలేజీ ఆఫీసుకు వెళ్లి, ఫీజు కంతుల్లో కట్టుకుంటామని అడగాలి. చాలాచోట్ల ఒప్పుకుంటారు. అడగడానికి సిగ్గుపడి వడ్డీ కట్టేవాళ్లే ఎక్కువ. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకో. తరువాత ఇస్తాంలే అంటే అక్కడే నిలబడు.

ప్రభుత్వం ఇచ్చే ఫీజు డబ్బును, స్కాలర్‌షిప్‌ను నమ్ముకోవచ్చు. అది ఫలానా తేదీకి వస్తుందని మాత్రం నమ్ముకోవద్దు. దానికి 75 శాతం హాజరు ఉండాలి. తొంభై పనిదినాల సెమిస్టరులో 22 రోజులకు మించి మానడానికి లేదన్నమాట. శనక్కాయ చెట్లు పీకి కాయ విడిపించే రోజుల్లో ఇంట్లో మనుషులు చాలక పిల్లవాణ్ణి పిలిపించుకోవడం మన వైపు మామూలే. పిలవద్దని ఏ తండ్రికీ చెప్పలేం. పది రోజులు పిలుచుకుంటే లెక్క సరిపోతుంది. నెల రోజులు పిలుచుకుంటే కూలీ మిగిలిందనుకున్న చోట ఏడాది ఫీజు నెత్తిన పడుతుంది.

కాగితాల సంచి

టీసీ, మార్కుల జాబితాలు, నాలుగో తరగతి నుంచి పదో తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ఆధార్, నీ పేరు మీద బ్యాంకు పుస్తకం. అన్నీ ఒక సంచిలో పెట్టు. ఒక్కోదానికి ఆరేసి జిరాక్సులు తీయించు. ఆధార్‌లో ఒక స్పెల్లింగు, పదో తరగతి మార్కుల జాబితాలో మరో స్పెల్లింగు ఉంటే కాలేజీలో చేరకముందే సరిచేయించుకో. చేరాక ఆ పనికి తిరగాలంటే క్లాసులు పోతాయి.

అసలు సర్టిఫికెట్లు కాలేజీలోనే పెట్టుకుంటామనేవారు ఇప్పటికీ ఉన్నారు. చూసి, సరిపోల్చుకుని తిరిగి ఇచ్చేయాలే గానీ తమ దగ్గర ఉంచుకోరాదని యూజీసీ 2018లో స్పష్టంగా చెప్పింది. ఈ సంగతి తెలిసినవాడిలా మర్యాదగా అడిగితే తేడా కనబడుతుంది.

త్వరణం నీకు తెలుసు

పల్లె పిల్లవాణ్ణి మొదటి మూడు నెలల్లో వెనక్కి లాగేది డబ్బు కన్నా ఇంగ్లీషు. మన రాష్ట్రంలో డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మీడియంలోకి మార్చాలని 2021లో ప్రభుత్వం నిర్ణయించాక, తెలుగులో చదివి వచ్చినవాడికి ఈ గోడ మరింత ఎత్తయింది.

మొదటి వారం లెక్చరర్ బోర్డు దగ్గర నిలబడి వెలాసిటీ, యాక్సిలరేషన్ అంటూ పోతుంటాడు. పక్కవాడు తల ఊపుతుంటాడు. నీకు చెమటలు పడతాయి. కొంచెం ఆగు. వెలాసిటీ అంటే వేగం. యాక్సిలరేషన్ అంటే త్వరణం. పదో తరగతిలో నువ్వు లెక్కలు చేసి మార్కులు తెచ్చుకున్నవే. ఫోటోసింథసిస్ అంటే కిరణజన్య సంయోగక్రియ. తల ఊపే పక్కవాడికి ఆ పేరు పలకడం వచ్చి ఉండవచ్చు. ఆకు ఎండను పట్టి గింజకు పాలు ఎట్లా పోస్తుందో రోజూ చేలో చూసినవాడివి నువ్వు. తెలియనిది విషయం కాదు, దాని రెండో పేరు.

అందుకని ఒక నోటు పుస్తకం కొను. పేజీ మధ్యన గీత గీయి. ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు మాట. రోజుకు పది చాలు. డిసెంబరుకు వెయ్యి దాటతాయి. పాఠాన్ని ముందు తెలుగులో చదివి, తరువాత ఇంగ్లీషు పుస్తకం తెరువు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటరు, డిగ్రీ పుస్తకాలు తెలుగులో వేసింది. పాత లైబ్రరీల్లో అవి దుమ్ము పట్టి ఉంటాయి. అడిగితే తీసిస్తారు. ఎవరూ అడగరు గనుక నీకు తేలికగా దొరుకుతాయి.

క్లాసులో అర్థం కాకపోతే తెలుగులోనే అడుగు. నవ్వేవాళ్లు నవ్వుతారు. రెండోసారికి నవ్వు తగ్గుతుంది. మూడోసారికి నవ్వినవాడే నీ నోట్సు అడుగుతాడు. లెక్చరర్లలో చాలామంది మనలాగే పల్లెల నుంచి వచ్చినవారు. అడిగిన పిల్లవాడి పేరు వారికి గుర్తుంటుంది.

ఎక్కడ చదివినా

అనంతపురం ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ 1916లో దత్తమండలాల కాలేజీగా మొదలైంది. ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి అక్కడే చదివారు. స్వాతంత్ర్యోద్యమం కోసం 1931లో చదువు వదిలేశారు. 1977లో రాష్ట్రపతి అయ్యారు. క్లాసులు ఎగ్గొట్టే కుర్రాళ్లు ఈ ముక్కను బాగా గుర్తు పెట్టుకుంటారు. ఆయన వదిలింది సినిమా కోసం కాదన్న ముక్క మాత్రం మరిచిపోతారు.

ఏ గ్రూపు తీసుకోవాలన్నది పక్కింటి వాడిని చూసి తేల్చుకోవద్దు. లెక్కలంటే కిట్టనివాడు ఎంపీసీలో చేరితే రెండేళ్లూ యాతనే. ఉరవకొండ, కళ్యాణదుర్గం నుంచి రోజూ వచ్చిపోయేవారికి ఆర్టీసీ పాస్ ఉంటుంది గానీ, మూడు గంటలు బస్సులోనే పోతాయి. సంక్షేమ హాస్టల్లో సీటు దొరికితే వదలవద్దు. అన్నం ఇంటి అన్నంలా ఉండదు. జేజి చేసిన సంగటి, ఊరిబిండి నెలపాటు గుర్తుకొస్తాయి. తరువాత సర్దుకుంటుంది.

సీనియర్లు పేరు అడిగితే చెప్పు. చేయి చేసుకుంటే, అవమానిస్తే ఊరుకోకు. ర్యాగింగు నేరమని మన రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. 1800-180-5522కు ఉచితంగా ఫోను చేయవచ్చు.

ఆడపిల్లను మాన్పించే ముందు

ఇంటరుతో చాలు, సంబంధం చూద్దాం అనే మాట ఇంకా మన ఊళ్లలో వినబడుతోంది. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేయడం నేరమని 2006 చట్టం చెబుతోంది. చట్టం సంగతి అలా ఉంచుదాం. తండ్రికి నిజంగా ఉన్న భయం బస్సు దిగి హాస్టలు దాకా నడిచే దారి. ఆ భయం తప్పని కొట్టిపారేయలేం. దానికి మందు చదువు మాన్పించడం కాదు. ఒకే ఊరి నుంచి ఇద్దరు ముగ్గురు పిల్లలను ఒకే కాలేజీలో చేర్పిస్తే సగం భయం తీరుతుంది. చేర్చే ముందు తల్లి కూడా వెళ్లి హాస్టలు చూడాలి. తండ్రి చూసేది గోడలు, తల్లి చూసేది గడియలు.

ఒక కారు పోతే

మొదటి పరీక్షలో ఒకటి రెండు సబ్జెక్టులు పోవచ్చు. ఇంటరు వారికి అదే వేసవిలో సప్లిమెంటరీ పరీక్ష ఉంటుంది. డిగ్రీలో పోయిన పేపరు మళ్లీ రాసుకోవచ్చు. ఒక కారు ఎండిపోయిందని మన జిల్లాలో ఎవరు సేద్యం మానారు? మనసు మరీ కుంగితే గదిలో ఒక్కడివే ఉండకు. 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. డబ్బు పడదు. ఊళ్లో పెద్దలు కూడా ఫలితాల రోజు వాకిట్లో నిలబడి ఎన్ని మార్కులు అని అడగడం ఒక వారం ఆపితే మేలు.

దసరా సెలవులకు ముందే ఒకసారి నాన్నను కాలేజీకి రమ్మను. హాజరు పట్టీ చూపించమని ఆయన్నే అడగమను. పంచె కట్టుకొచ్చాడని చెట్టు చాటుకు తీసుకుపోకు, నీ లెక్చరర్ ముందుకు తీసుకుపో. తిరుగు బస్సెక్కించేటప్పుడు ఊరిబిండి డబ్బా కడిగి ఆయన సంచిలో పెట్టు.