కాడికి ఎదురు నిలిచిన మందిరము

అమెరికా దక్షిణ రాష్ట్రమైన లూసియానాలో మిసిసిపీ నది ఒడ్డున పాతకాలపు దొరల బంగళాలు చాలా ఉన్నాయి. ముందు పెద్ద పెద్ద ఓక్ చెట్లు, వెనుక చెరకు తోటలు. ఈ ఎస్టేట్లను ప్లాంటేషన్లు అంటారు. చూడటానికి ఎంతో సొగసుగా ఉంటాయి. అయితే ఆ సొగసును నిలబెట్టింది ఆఫ్రికా నుండి తెచ్చిన బానిసల, వారి బిడ్డల చెమట, రక్తము. 1865లో బానిసత్వము చట్టరీత్యా రద్దయింది. దొరలు గతించారు, బంగళాలు మిగిలాయి. వాటిని ఇప్పుడు ఏమి చేయాలి?

కొందరు వాటిని హోటళ్లుగాను, పెళ్లి వేదికలుగాను మార్చారు. పాత భవనమును నిలబెట్టడానికి డబ్బు కావాలి కదా అని వారంటారు. ఆ మాటలో నిజము లేకపోలేదు. నాటవే అనే మహా భవనము అలాగే నడిచింది. 1860లో ఆ యజమానికి 155 మంది బానిసలు ఉండేవారు. 2025 మే 15న ఆ భవనము అగ్నికి ఆహుతైంది. అందమైన చరిత్ర పోయిందని కొందరు ఏడ్చారు. మా పూర్వికుల కన్నీటి గుర్తు పోయిందని కొందరు సంతోషించారు. ఒకే ఇంటిని చూసి రెండు రకాల కన్నీళ్లు!

అదే నది ఒడ్డున విట్నీ ప్లాంటేషన్ ఉంది. బాప్తిస్మమిచ్చు యోహాను పేరు గల జిల్లాలో 1752లో హైడెల్ అనే జర్మను వలసదారుడు దీనిని స్థాపించాడు. మొదట నీలిమందు, తరువాత చెరకు పండించారు. ఒక కంపెనీ దీనిని కొని రేయాన్ ఫ్యాక్టరీ పెట్టాలనుకొన్నది. స్థానికులు ఎదిరించగా 1992లో ఆ ఆలోచన మానుకొన్నది. 1999లో న్యూ ఆర్లీన్స్ న్యాయవాది జాన్ కమ్మింగ్స్ దీనిని కొన్నారు. బానిసల జీవితములను గూర్చిన పుస్తకములు, సాక్ష్యములు చదివిన కొలదీ ఆయన మనసు కదిలింది. సొంత సొమ్ము లక్షల డాలర్లు ఖర్చు పెట్టి, 2014 డిసెంబరులో దానిని మ్యూజియముగా తెరిచారు. దొరల వైభవమును కాక, బానిసల కథనే అక్కడ చెబుతారు. 2019లో దానిని లాభాపేక్ష లేని సంస్థకు అప్పగించారు.

అక్కడ ఒక గోడ మీద, ఆ తోటలో బానిసలుగా బ్రతికిన 350 మందికి పైగా స్త్రీ పురుషుల పేర్లు చెక్కబడ్డాయి. మరొక చోట ఆ జిల్లాలో బానిసత్వములోనే కన్నుమూసిన సుమారు 2,200 మంది చిన్నబిడ్డల జ్ఞాపకార్థము ఒక తోట ఉంది. ఒకప్పుడు ఆస్తి లెక్కలలో పశువుల ప్రక్కన వ్రాయబడిన వారిని ఈనాడు పేరు పెట్టి తలచుకొంటున్నారు.

మమ్మును ఎక్కువగా కదిలించినది అక్కడి ఒక చిన్న కర్ర మందిరము. విడుదల పొందిన బానిసలు 1870 ప్రాంతములో నది ఆవలి ఒడ్డున దానిని కట్టుకొన్నారు. తరువాత ఆ సంఘము కొత్త మందిరము కట్టుకొని పాతదానిని విట్నీకి ఇచ్చివేసింది. ఈనాడు దాని పేరు అంతియొకయ బాప్తిస్టు చర్చి. మొదటి పేరు ‘యాంటీ యోక్’, అనగా కాడికి విరోధము! మెడ మీద కాడి మోసినవారు తమ సంఘమునకు పెట్టుకొన్న పేరు అది. కాడి విరుగగొట్టుటయే నిజమైన ఉపవాసమని బోధించే యెషయా 58వ అధ్యాయము వారి జీవితములో నెరవేరినట్లే కదా! ఇప్పుడు ఆ మందిరములో బానిస పిల్లల మట్టి బొమ్మలు మౌనముగా నిలబడి సందర్శకులను చూస్తుంటాయి.

చెరకు తోటల కథ మనకు పూర్తిగా పరాయిది కాదు. బ్రిటిషువారి దేశములలో బానిసత్వము రద్దయ్యాక, తోటల పనికి ఒప్పంద కూలీలను మన దేశము నుండి తీసుకుపోయారు. 1860లో మద్రాసు నుండి మొదటి ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాలు చేరింది. అలా వెళ్లినవారిలో మన తెలుగువారు ఎందరో! అది బానిసత్వము కాకపోయినా, ఆ బ్రతుకు కఠినమైనదే. వారి మధ్య సేవ చేయడానికి మన తెలుగు బాప్తిస్టులు పంపగా 1903లో రెవరెండ్ జాన్ రంగయ్యగారు వెళ్లి సంఘమును స్థాపించారు. శ్రమపడినవారి మధ్య మందిరము లేచుట అక్కడా జరిగింది.

యొర్దాను దాటిన తరువాత యెహోషువ పండ్రెండు రాళ్లు నిలిపించాడు. ఈ రాళ్లు ఏమిటని పిల్లలు అడిగితే తండ్రులు జవాబు చెప్పాలి. జ్ఞాపకము అంటే అదే. విట్నీ ఉన్న వాలెస్ గ్రామములోనే పెద్ద ధాన్యపు టెర్మినల్ కట్టాలన్న ప్రయత్నము స్థానికుల పోరాటము వల్ల 2024లో ఆగిపోయింది. పిల్లలకు చూపించవలసిన రాళ్లను వారు కాపాడుకొన్నారు.

ప్రియ పాఠకులారా, మన ఇళ్లకు, పొలములకు కూడా కథలు ఉంటాయి. ఎవరు దున్నారు, ఎవరు మోశారు, ఎవరికి కూలి తక్కువ ఇచ్చారు? ఆస్తిని పిల్లలకు అప్పగించే తల్లిదండ్రులు ఆ కథను కూడా చెప్పాలి. ఎవరికైనా బాకీ ఉంటే తీర్చాలి. నాలుగంతలు తిరిగి ఇస్తానన్న జక్కయ్య ఇంటికి ఆ దినమే రక్షణ వచ్చింది. హేబెలు రక్తము నేలలో నుండి పెట్టిన మొరను విన్న దేవుడు, మన నేల చెప్పేదీ వింటాడు. మనమూ విందుము గాక!