తైవాన్ పంపు ఇంజన్ పట్టేయకుండా ఏం చేయాలి? పెట్రోల్‌లో ఆయిల్ కొలత, పాత స్ప్రేయర్ సంరక్షణ

ఎవరి కోసం: వ్యవసాయ యాంత్రీకరణ సబ్సిడీపై పెట్రోల్ స్ప్రేయర్ (తైవాన్ పంపు) తీసుకున్న గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల మిరప, పత్తి రైతులు.

2021లో నల్ల తామర పురుగు మన మిరప తోటల్ని ఎంత దెబ్బతీసిందో అందరికీ గుర్తే. పురుగు కనిపించాక రేపు చూద్దాంలే అంటే కుదరదు. మందు కలిపి, కూలీలు వచ్చి నిలబడ్డాక ఇంజన్ పట్టేస్తే ఆ రోజు పోయినట్టే. పిస్టన్, బోరు మార్చాలంటే ఖర్చు వేలల్లోకి పోతుంది. పెట్రోల్‌లో కలిపే ఆయిల్ దగ్గర జాగ్రత్తపడితే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది.

1. ముందు మీ ఇంజన్ ఏ రకమో చూడండి

ఇంజన్ కింది భాగంలో ఆయిల్ పోసే మూత విడిగా ఉంటే అది ఫోర్ స్ట్రోక్. దాని పెట్రోల్‌లో ఆయిల్ కలపకూడదు. ఆయిల్ ఆ మూతలోనే పోయాలి. పెట్రోల్ మూత ఒక్కటే ఉంటే అది టూ స్ట్రోక్. దీనికి పెట్రోల్‌లోనే ఆయిల్ కలపాలి. ఈ కాగితంలో కొలతలు టూ స్ట్రోక్‌కు మాత్రమే.

2. ఆయిల్ ఎందుకు?

పాత లూనా, చేతక్ నడిపినవాళ్లకు ఈ సంగతి తెలుసు. టూ స్ట్రోక్ ఇంజన్‌లో ఆయిల్‌కు వేరే చోటు లేదు. పెట్రోల్‌తో పాటు లోపలికి వెళ్లిన ఆయిలే పిస్టన్‌ను, బేరింగులను తడుపుతుంది. ఉత్త పెట్రోల్ పోసి ఫుల్ రేజ్‌లో నడిపితే పిస్టన్ వేడెక్కి, గీతలు పడి, బోరులో బిగుసుకుపోతుంది.

అలాగని ఎక్కువ పోయడమూ మంచిది కాదు. పొగ వస్తుంది, ప్లగ్గు తడిసిపోతుంది, సైలెన్సర్‌లో మసి పేరుకుంటుంది.

3. లీటరు పెట్రోల్‌కు ఎంత?

ట్యాంకు మూత మీదో, పుస్తకంలోనో రాసిన నిష్పత్తిని బట్టి:
• 25:1 అని ఉంటే 40 మి.లీ.
• 40:1 అని ఉంటే 25 మి.లీ.
• 50:1 అని ఉంటే 20 మి.లీ.

రాత చెరిగిపోయిందా? మోడల్ పేరు చెప్పి డీలర్‌ను అడగండి. తెలిసేవరకు 40 మి.లీ. వాడండి. కాస్త పొగ రావచ్చు గానీ ఇంజన్ ఆరిపోయే ప్రమాదం ఉండదు.

టూటీ ఆయిల్ మాత్రమే వాడాలి. ట్రాక్టర్ ఆయిల్, బండిలోంచి తీసిన నల్ల ఆయిల్ పనికిరావు.

4. కలిపే పద్ధతి

• సీసా మూతతో అంచనా వేయొద్దు. ఒక్కో మూత ఒక్కో సైజు. సూది తీసేసిన సిరంజిగానీ, టానిక్ కొలత కప్పుగానీ దీనికే పెట్టుకోండి. మళ్లీ ఇంట్లో వాడొద్దు.
• వేరే డబ్బాలో సగం పెట్రోల్, మొత్తం ఆయిల్ పోసి ఊపండి. మిగతా పెట్రోల్ పోసి మళ్లీ ఊపండి. స్ప్రేయర్ ట్యాంకులోనే విడివిడిగా పోస్తే సరిగా కలవదు.
• ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీలుస్తుంది. అందుకే రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే కలపండి.
• పంపును వీపు మీద నుంచి దించి, ఇంజన్ చల్లారాకే పెట్రోల్ పోయండి. దగ్గర్లో బీడీ, సిగరెట్ వద్దు. కూల్ డ్రింక్ సీసాల్లో పెట్రోల్ గానీ పురుగుమందు గానీ ఉంచొద్దు. పిల్లలు తాగే ప్రమాదం ఉంది.

5. ప్లగ్గు చూస్తే తెలుస్తుంది

విప్పి కొన చూడండి. ఇటుక రంగులో పొడిగా ఉంటే ఇంజన్ బాగున్నట్టే. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ ఎక్కువైంది, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది. తెల్లగా పాలిపోయి ఉంటే ఇంజన్ మితిమీరి వేడెక్కుతోంది. పని ఆపి మెకానిక్‌కు చూపించండి.

6. ఎప్పుడు ఏం చేయాలి?

• రోజూ: మందు కొట్టాక రెండు మూడు నిమిషాలు మంచినీళ్లతో నడపండి. ట్యాంకు ఖాళీగా ఉంచి పంపు తిప్పొద్దు, సీళ్లు పోతాయి.
• వారానికోసారి: ఎయిర్ ఫిల్టర్ స్పాంజిని సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. ఇంజన్ రెక్కల మధ్య దుమ్ము తీయండి. పెట్రోల్ పైపు పగిలిందేమో చూడండి.
• సీజన్ అయ్యాక: పెట్రోల్ మొత్తం తీసేసి, ఇంజన్ దానంతట అది ఆగేదాకా నడపండి. పాత పెట్రోల్ మిగిలితే కార్బ్యురేటర్‌లో జిగురు కట్టి, వచ్చే ఏడు స్టార్ట్ కాదు.

7. సబ్సిడీ సంగతి

2014-15లో మొదలైన కేంద్ర యాంత్రీకరణ పథకం (స్మామ్) మార్గదర్శకాల్లో చిన్న, సన్నకారు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు 50 శాతం, మిగతావారికి 40 శాతం వరకు, గరిష్ఠ పరిమితికి లోబడి సాయం ఉంది. మీ మండలానికి ఈ ఏడు ఏ పరికరాలు వచ్చాయో రైతు సేవా కేంద్రంలో అడగండి. బిల్లు, వారంటీ కార్డు దాచుకోండి. అయితే ఆయిల్ కలపక పట్టేసిన ఇంజన్‌కు సాధారణంగా వారంటీ వర్తించదు.

చివరిగా ఒక మాట. చాలా ఇళ్లలో పంపు ఒకరిదైతే మందు కొట్టేది ఇంకొకరు. ఆయిల్ కొలతను పెట్రోల్ డబ్బా మీద పెయింట్‌తో రాయండి, కొలత కప్పును డబ్బాకే కట్టి ఉంచండి. ఎవరు కలిపినా తప్పు జరగదు.