జ్వలన సమయ సెన్సర్ల అమరిక: ‘ముందు’ అనే పదంలోని సందిగ్ధత

వ్యాససంగ్రహం:
పాత పెట్రోలు ఇంజన్‌కు బయట కొన్న ఎలక్ట్రానిక్ నియంత్రికను అమర్చేటప్పుడు, ఇరుసు స్థానాన్ని తెలిపే సెన్సర్‌ను సరిచూడటం కీలకమైన పని. ఈ పనిని తెలుగులో వివరించేటప్పుడు ‘ముందు’ అనే పదం కలిగించే అర్థసందిగ్ధతను గుర్తించి, పరిష్కారాన్ని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: జ్వలనం, సెన్సర్, మాత్ర, వృత్తిపదాలు, కోనసీమ.

1. ఉపోద్ఘాతం:
2020 ఏప్రిల్ 1న బి.ఎస్.-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక, కొత్త పెట్రోలు ద్విచక్రవాహనాల్లో ఇంధన, జ్వలన వ్యవహారమంతా దాదాపుగా ఎలక్ట్రానిక్ నియంత్రిక చేతికి వచ్చింది. అమలాపురం, రాజోలు, కొత్తపేట షెడ్లలో ‘పాయింట్లు’ సరిచేసిన చేతులే ఇప్పుడు సెన్సర్లను పరీక్షించవలసి వస్తోంది. కార్బ్యురేటర్ ఉన్న పాత మారుతి 800 వంటి కారుకు మెగాస్క్వర్ట్, స్పీడ్యుయినో వంటి నియంత్రికను తగిలించాలంటే ఈ పరిజ్ఞానం మరింత అవసరం. వాటి సూచనలు ఆంగ్లంలో ఉంటాయి. షెడ్డులో పని నేర్చుకునే కుర్రవాడికి అవి నోటిమాటగా తెలుగులో చేరాలి.

2. నిప్పురవ్వ తొందర ఎందుకు?
సఖినేటిపల్లి–నరసాపురం రేవులో పంటు నడిపే సరంగు ఒడ్డు తగిలాక వేగం తగ్గించడు, చేరకముందే తగ్గిస్తాడు. ఇంధన మిశ్రమం మండటానికీ కొంత వ్యవధి కావాలి. అందువల్ల పిస్టన్ పై కొసకు చేరకముందే నిప్పురవ్వ పుట్టాలి. ఆ పై కొసను ఇక్కడ ‘శిఖరం’ అంటున్నాను. నిప్పురవ్వ మరీ తొందరపడితే ఇంజన్ కొట్టుకుంటుంది, పిస్టన్ దెబ్బతినవచ్చు. ఆలస్యమైతే శక్తి తగ్గి, పొగగొట్టం వేడెక్కుతుంది.

3. పళ్లచక్రం – మాత్రాగణనం:
ఇరుసు ఎక్కడుందో నియంత్రికకు తెలిపేది పళ్లచక్రం. 36 పళ్లకు చోటున్న చక్రంలో ఒక పన్ను తీసివేస్తారు. మిగిలిన 35 పళ్ల మధ్య ఉండే 35 ఎడాల్లో 34 ఎడాలు 10 డిగ్రీలవి, ఒకటి 20 డిగ్రీలది. ఛందోభాషలో చెప్పాలంటే 34 లఘువులు, ఒక గురువు. మొత్తం 36 మాత్రలు. 60 పళ్లకు రెండు తీసివేసిన చక్రంలో 6 డిగ్రీల లఘువులు 57, 18 డిగ్రీల ప్లుతం ఒకటి. ఆ దీర్ఘమైన ఎడం వినిపించగానే నియంత్రిక లెక్కను మొదటి పన్ను నుంచి తిరిగి ప్రారంభిస్తుంది.

పళ్లను పసిగట్టే సెన్సర్లు ప్రధానంగా రెండు రకాలు. అయస్కాంతం, తీగచుట్ట ఉన్న రెండు తీగల సెన్సర్ తానే విద్యుత్తును పుట్టిస్తుంది. దాని సంకేతం వేగంతోపాటు బలపడుతుంది. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న ప్రభావంపై పనిచేసే సెన్సర్‌కు సాధారణంగా మూడు తీగలుంటాయి. ఇది ‘ఉంది–లేదు’ అనే స్పష్టమైన సంకేతాన్ని ఇస్తుంది.

4. ‘ముందు’తో చిక్కు:
‘ముందు తిన్నాడు’ అన్నప్పుడు ‘ముందు’ గతాన్ని తెలుపుతుంది. ‘ముందు ముందు’ అన్నప్పుడు భవిష్యత్తును. ‘ఇంటి ముందు’ అన్నప్పుడు స్థలాన్ని. ‘టైమింగ్ ముందుకు జరుపు’ అంటే ఏమిటి? డిస్ట్రిబ్యూటర్ ఉన్న ఇంజన్‌లో దాని ఒంటిని లోపలి రోటర్ తిరిగే దిశలో ‘ముందుకు’ తిప్పితే నిప్పురవ్వ ఆలస్యమవుతుంది; ఎదురు తిప్పితేనే త్వరపడుతుంది.

కొత్త నియంత్రికల్లోనూ ఈ చిక్కు తీరలేదు. శిఖరానికి 60 డిగ్రీల దూరం ఉండగా మొదటి పన్ను సెన్సర్‌ను దాటుతుందనుకుందాం. శిఖరం చేరకముందున్న కోణాన్ని అడిగే మెగాస్క్వర్ట్‌లో 60 అని రాయాలి. శిఖరం దాటాక ఉన్న కోణాన్ని అడిగే స్పీడ్యుయినోలో 300 అని రాయాలి. ఇంజన్ ఒక్కటే, ఏ వైపు నుంచి లెక్కిస్తున్నామన్నదే తేడా.

5. సరిచూసే క్రమం:
(అ) మొదటి సిలిండర్ శిఖరాన్ని నిర్ధారించి, పుల్లీపై గుర్తు పెట్టాలి.
(ఆ) ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ల తీగలు విప్పి, నియంత్రికలో నిప్పురవ్వను శిఖరం చేరకముందు 10 డిగ్రీల వద్ద స్థిరపరచాలి.
(ఇ) స్టార్టర్‌తో ఇంజన్‌ను తిప్పుతూ టైమింగ్ లైటు వేసి, 10 డిగ్రీల గుర్తు కనిపించేదాకా మొదటి పన్ను కోణాన్ని సవరించాలి.
(ఈ) ఇంజెక్టర్లు తగిలించి, ఇంజన్ నడిపి, వేగం పెంచి మళ్లీ చూడాలి.

చివరి మెట్టును విడిచిపెట్టరాదు. నిప్పురవ్వను స్థిరపరచినా వేగంతోపాటు గుర్తు కదిలితే, లోపం కోణంలో లేదు. రెండు తీగల సెన్సర్‌లో తీగలు తారుమారై ఉండవచ్చు. లేదా సంకేతపు అంచు ఎంపిక తప్పి ఉండవచ్చు. అప్పుడు కోణాన్ని సవరిస్తే ఒక వేగం దగ్గర లోపం కనబడదు, మిగతా వేగాల్లో ఇంజన్‌కు ముప్పు అలాగే ఉంటుంది.

6. ముగింపు:
ఈ చిక్కుకు పరిష్కారం తెలుగు వ్యాకరణంలోనే ఉంది. ‘ముందుకు’, ‘వెనక్కు’ అనే మాటలను వదలి, ‘శిఖరం చేరకముందు’, ‘శిఖరం దాటాక’ అంటే సందేహానికి తావుండదు. ‘చేరక’ అన్న వ్యతిరేక క్త్వార్థకం, ‘దాటాక’ అన్న రూపం రెండూ శిఖరాన్నే ఆధారబిందువుగా నిలుపుతాయి. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను సేకరించింది. మెకానిక్ షెడ్ల మాటలను కూడా అదే శ్రద్ధతో సేకరించాలి. అయితే పదాన్ని నమోదు చేయడంతో పని ముగియదు. ఆ పదాన్ని విన్నవాడు పానాను ఏ వైపు తిప్పుతాడో కూడా పరిశోధకుడు చూడాలి.