ఒకే గుడ్డు – రెండు జీవితాలు

తేనెపట్టులో కూలి ఈగలు వేలకొద్దీ ఉంటాయి. రాణి ఒక్కటే ఉంటుంది. పూర్వం పాశ్చాత్యులు ఆ పెద్ద ఈగను రాజుగా భావించారు. అరిస్టాటిల్ కూడా దానిని రాజనే పేర్కొన్నాడు. 17వ శతాబ్దంలో డచ్చి శాస్త్రజ్ఞుడు స్వామర్‌డామ్ దానిని కోసి, లోపల అండాశయాలున్నట్లు చూపిన పిమ్మట రాజు రాణి అయింది.

ఫలదీకరణం చెందని గుడ్లనుండి పోతుటీగలు, చెందినవాటినుండి ఆడ ఈగలు పుడతాయి. రాణి అయినా కూలి ఈగ అయినా పుట్టేది ఈ రెండవ రకం గుడ్డునుండే. వాటిలో ఏది రాణి కావాలో నిర్ణయించేది పెంపకం. దాది ఈగల తలలోని గ్రంథులు స్రవించే పాలవంటి పదార్థమే రాయల్ జెల్లీ. తొలి రెండు మూడు రోజులు డింభకాలన్నింటికీ ఇంచుమించు అటువంటి ఆహారమే లభిస్తుంది. ఆపైన కూలి ఈగలు కాబోయేవాటికి తేనె, పుప్పొడి కలిసిన మేత పెడతాయి. రాణి కాబోయేదానికి మాత్రం చివరిదాకా జెల్లీయే సమృద్ధిగా అందిస్తాయి. గుడ్డు పెట్టిన నాటినుండి సుమారు 16 రోజులకు రాణి, 21 రోజులకు కూలి ఈగ వెలువడతాయి. వేసవిలో కూలి ఈగ ఆరు వారాలు బతికితే గొప్ప. రాణి ఏళ్ళ తరబడి జీవిస్తుంది. (సీసాలలో అమ్మే జెల్లీ మనుషులకు రాజయోగం పట్టిస్తుందని ఆశించనక్కరలేదు.)

మేత మారితే రూపం మారడమెలా? జన్యువులను ఒక గ్రంథంగా ఊహిస్తే, వాటిపై చేరే మిథైల్ సమూహాలనే రసాయన గుర్తులు ఏ పుటను చదవాలో, దేనిని విడిచిపెట్టాలో సూచిస్తాయి. గ్రంథంలో అక్షరమైనా మారదు. ఈ ప్రక్రియల అధ్యయనమే ఎపిజెనెటిక్స్. 2008లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా శాస్త్రజ్ఞులు, ఈ గుర్తులను పెట్టే ఒక ఎంజైము తయారీని డింభకాలలో అణచివేయగా, వాటిలో అధికభాగం రాణి లక్షణాలతో పెరిగాయి. జెల్లీలోని ఏ పదార్థం ఈ మార్పుకు మూలమన్న చర్చ మాత్రం ఇంకా ముగియలేదు.

కూలి ఈగ పని కూడా వయస్సుతో మారుతుంది. మొదట పట్టులో పిల్లల పోషణ. రెండు మూడు వారాల తరువాత వెలుపల మకరంద సేకరణ. 2012లో అమెరికా శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగంలో దాదులను తొలగించారు. సేకరణకు పోయివచ్చిన ఈగలలో కొన్ని మళ్ళీ దాదులయ్యాయి. వాటి మెదడులోని పలు జన్యువులపై గుర్తులు కూడా దాది దశకే మళ్ళాయి.

ఈ వెసులుబాటు పనికే గాని రూపానికి లేదు. రాణి అకస్మాత్తుగా మరణిస్తే, కూలి ఈగలు లేత డింభకాలను ఎంచుకొని, వాటి అరలను పెద్దవి చేసి, జెల్లీతో పోషిస్తాయి. అంత లేతవి దొరకకపోతే కొన్ని కూలి ఈగలే గుడ్లు పెడతాయి. మగ ఈగతో జతకూడని వాటి గుడ్లనుండి సాధారణంగా పోతుటీగలే పుడతాయి. అవి మేత తేలేవు, పిల్లలను సాకలేవు. పాత కూలి ఈగలు ఒక్కొక్కటే రాలిపోగా పట్టు క్రమంగా పాడుపడుతుంది.